చెవులు మూసుకొనే వేళ, తెరుచుకొనే వేళ

రేడియో ప్రసంగము
వాక్యభాగము: మార్కు సువార్త 7:31-37

ఈ ఉదయకాలమున మరొకసారి మీ ఇళ్ళలోనికి, మీ దుకాణాలలోనికి, మీ పొలం గట్ల మీదికి దేవుని వాక్యముతో రావడానికి ప్రభువు ఇచ్చిన కృపను బట్టి ఆయనకు స్తోత్రములు. పెనుబల్లి, వి.ఎం. బంజర, కల్లూరు, సత్తుపల్లి ప్రాంతాల నుండి, అటు భద్రాచలం అడవి పల్లెల నుండి ఈ కార్యక్రమం వింటున్న ప్రతి కుటుంబాన్నీ దేవుడు దీవించును గాక.

మీ దగ్గర బైబిలు ఉంటే మార్కు సువార్త 7వ అధ్యాయము తెరవండి. పొయ్యి దగ్గర ఉన్న అక్కచెల్లెళ్ళారా, మీరు పని ఆపనవసరం లేదు, చెవి ఇటు పెట్టండి చాలు.

యేసు ప్రభువు తూరు, సీదోను ప్రాంతాలు దాటి, దెకపొలి మీదుగా గలిలయ సముద్రము దగ్గరకు వచ్చాడు. అక్కడ కొందరు ఒక చెవిటివానిని తీసుకొచ్చారు. అతనికి మాట కూడా సరిగా రాదు. ‘వీని మీద చెయ్యి ఉంచండి ప్రభువా’ అని బతిమాలుకున్నారు. ప్రభువు తలచుకుంటే అక్కడే, ఆ గుంపు మధ్యలోనే ఒక్క మాటతో బాగుచేయగలడు. కాని మొదట ఏం చేశాడో గమనించండి. అతణ్ణి గుంపులో నుండి పక్కకు తీసుకువెళ్ళాడు. ఏకాంతముగా తీసుకువెళ్ళాడు. తరువాత తన వ్రేళ్ళు అతని చెవులలో పెట్టాడు. అప్పుడు ఆకాశము వైపు చూసి, నిట్టూర్చి, ఎప్ఫతా అన్నాడు. తెరుచుకో అని దాని అర్థం. చెవులు తెరుచుకున్నాయి, నాలుక సడలింది, అతడు చక్కగా మాట్లాడాడు.

ప్రియులారా, ఆ వరుస జ్ఞాపకం ఉంచుకోండి. మొదట గుంపుకు దూరం, తరువాత చెవులలో వ్రేళ్ళు, ఆ తరువాత తెరుచుకోవడం. ఒక్క నిమిషం పాటు ప్రభువు వ్రేళ్ళే ఆ మనిషి చెవులను మూశాయి. ఆ చెవులు తెరుచుకున్నప్పుడు ఎదుట ఉన్నది గుంపు కాదు, ప్రభువే. చెవులు మూసుకోవడానికి ఒక వేళ ఉంది, తెరుచుకోవడానికి ఒక వేళ ఉంది. ఈ రెండింటినీ ఈ ఉదయం మన ఇళ్ళలోకి వచ్చిన ఒక వస్తువు సహాయంతో ధ్యానించుకుందాము.

ఈమధ్య మన ఊళ్ళలో రెండు చెవులనూ పూర్తిగా కప్పే పెద్ద హెడ్‌ఫోన్లు కనబడుతున్నాయి. వాటికి తీగ ఉండదు. బయటి శబ్దాన్ని కూడా తగ్గించేస్తాయి. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదులో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకొని ఇంటికి వచ్చారు. వారిలో కొందరితో పాటు ఇవి కూడా వచ్చాయి. తరువాత చాలామంది తిరిగి ఆఫీసులకు వెళ్ళిపోయారు గాని, ఈ వస్తువు మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. ఇప్పుడు పోటీ పరీక్షలకు చదివే పిల్లల దగ్గర ఉంది, ఆన్‌లైన్ క్లాసులు వినే పిల్లల దగ్గర ఉంది. రెండు మూడు వేల రూపాయల నుండి ముప్పై వేలు దాటిన ధర వరకు దొరుకుతున్నాయి.

ఒక పెద్దాయన నన్నడిగాడు. “అయ్యగారూ, మావాడు అది పెట్టుకుంటే ఫ్యాను శబ్దం కూడా వినబడదంటున్నాడు. చెవుల్లో దూది పెట్టుకున్నట్టేనా అది?”

దూది శబ్దానికి అడ్డం నిలబడుతుంది, అంతే. ఈ వస్తువు చేసే పని వేరు. దాని బయటి వైపు చిన్న చిన్న మైకులు ఉంటాయి. అవి బయటి శబ్దాన్ని ముందు వింటాయి. శబ్దమంటే గాలిలో అల. ఆ అల పైకి లేచినప్పుడు కిందికి దిగేలా, కిందికి దిగినప్పుడు పైకి లేచేలా, సరిగ్గా అంతే ఎత్తు గల ఎదురు అలను ఆ యంత్రం పుట్టించి చెవి దగ్గర వదులుతుంది. మన లంకాసాగర్ నీళ్ళలో రెండు రాళ్ళు వేసి చూడండి. ఒక అల మిట్ట ఇంకొక అల పల్లంతో కలిసిన చోట నీరు సమంగా ఉంటుంది. ఇది కూడా అంతే. రెండు అలలు కలిసి నిశ్శబ్దమవుతాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. పాల్ లూయెగ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీని మీద 1936లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. కాని అప్పటి పరికరాలతో అది వాడుకలోకి రాలేదు. 1978లో అమర్ బోస్ అనే ఆచార్యుడు ఐరోపా నుండి అమెరికాకు విమానంలో వెళ్తూ, ఇంజను మోతలో సంగీతం వినబడక, ఆ ప్రయాణంలోనే కాగితం మీద లెక్కలు వేశాడు. ఆయన తండ్రి మన దేశపు బెంగాలీ, స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొని అమెరికాకు వెళ్ళిపోయినవాడు. 1986లో వాయేజర్ అనే చిన్న విమానంలో ఇద్దరు పైలట్లు మధ్యలో ఎక్కడా దిగకుండా తొమ్మిది రోజులు భూమి చుట్టూ తిరిగినప్పుడు, ఇంజను మోత నుండి చెవులను కాపాడుకోవడానికి బోస్ తయారుచేసిన నమూనా హెడ్‌సెట్లు వాడారు. 1989లో అవి పైలట్ల కోసం మార్కెట్టులోకి వచ్చాయి, 2000లో మామూలు ప్రయాణికులకు అందాయి. ఇప్పుడు మన పల్లె వరండాలో మంచం మీద ఉన్నాయి.

అయితే దానికీ హద్దు ఉంది. ఒకే తీరుగా సాగే మోతను, అంటే ఫ్యాను, బస్సు ఇంజను, జనరేటరు వంటివాటిని అది బాగా తగ్గిస్తుంది. ఉన్నట్టుండి వచ్చే శబ్దాన్ని, డప్పు దెబ్బను, గిన్నె పడిన చప్పుడును అంతగా ఆపలేదు. ఛార్జింగు అయిపోతే ఆ ఎదురు అల ఆగిపోతుంది. మన ఖమ్మం జిల్లా మే నెల ఎండలో గంట సేపు పెట్టుకుంటే చెవులు చెమటతో తడిసిపోతాయి. మనిషి చేసిన నిశ్శబ్దం అంతవరకే.

ప్రియులారా, ఇందులో మన ఆత్మీయ జీవితానికి మూడు సంగతులు ఉన్నాయి.

మొదటి సంగతి. చెవులు మూసుకోవడం పాపం కాదు.

కొందరు తల్లిదండ్రులు ఈ వస్తువును చూడగానే కోపపడతారు. తొందరపడకండి. ప్రభువు తానే తెల్లవారకముందే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడని మార్కు 1వ అధ్యాయములో చదువుతాం. శిష్యులకు భోజనం చేయడానికి కూడా తీరిక లేనంతగా జనం వచ్చి పోతుంటే, ఏకాంత ప్రదేశానికి వచ్చి కొంచెం విశ్రాంతి తీసుకోమని వారిని పిలిచాడు. రక్తపాతపు మాటలు వినకుండా చెవులు మూసుకొనేవాడు ఉన్నత స్థలములలో నివసిస్తాడని యెషయా 33వ అధ్యాయము చెబుతుంది. చాడీలు విననక్కరలేదు. బూతులు విననక్కరలేదు. ఫోనులో రోజంతా సాగే కొట్లాటలు అసలే విననక్కరలేదు.

ఇంకొక మాట. నిశ్శబ్దం అందరికీ సమానంగా దొరకదు. పెద్ద ఇల్లు ఉన్నవాడు తలుపు వేసుకొంటాడు. ఒకే గది ఉన్న ఇంట్లో టీవీ అక్కడే, వంట అక్కడే, పసిబిడ్డ ఏడుపు అక్కడే, పరీక్షకు చదువుకొనే ఆడపిల్ల కూడా అక్కడే. ఆ పిల్లకు హెడ్‌ఫోనే తలుపు. ఆ తలుపును మీరు పీకేయకండి. తలుపు వేసుకొని రహస్యమందున్న తండ్రికి ప్రార్థించమని ప్రభువు చెప్పినప్పుడు, తలుపులేని ఇళ్ళవారు కూడా ఆయన ఎదుట కూర్చొనే ఉన్నారు. వారికి తలుపు ఎక్కడ దొరుకుతుందో ఆయనకు తెలుసు.

రెండవ సంగతి. ఏది శబ్దమో, ఏది పిలుపో తేల్చేది యంత్రం కాదు.

యెరికో పట్టణపు దారి పక్కన బర్తిమయి అనే గ్రుడ్డివాడు కేక వేశాడు. చుట్టూ ఉన్నవారికి అది గోల. ఊరుకోమని గద్దించారు. యేసు ప్రభువుకు అది పిలుపు. ఆయన నిలబడిపోయాడు. అదే కేక, అదే దారి, అదే సమయం. గుంపు దానిని అణచాలని చూసింది, ప్రభువు దానికోసం ఆగాడు. దరిద్రుల మొర వినకుండా చెవి మూసుకొనేవాడు తాను మొరపెట్టే రోజున జవాబు పొందడని సామెతలు 21వ అధ్యాయము 13వ వచనము హెచ్చరిస్తుంది. స్తెఫను మాట వినలేక చెవులు మూసుకొన్నవారు ఆ తరువాత ఏం చేశారో అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయములో ఉంది. చెవులు మూసుకొన్న చేతులే రాళ్ళు పట్టుకున్నాయి.

మన ఇంటికి వద్దాం. తల్లి వంటింట్లో నుండి మూడుసార్లు పిలిచింది. కొడుకు పలకలేదు. నాలుగోసారి ఆమె పిలవదు. చాలా ఇళ్ళలో జరుగుతున్నది ఇదే. గొడవ లేదు, తిట్టుకోవడం లేదు. పిలవడం మానేశారు, అంతే. ముసలి తండ్రి వీధి అరుగు మీద కూర్చొని పత్తి ధర గురించి ఒక మాట చెప్పబోయి, కొడుకు తల మీద ఆ వస్తువు చూసి నోరు మూసుకుంటున్నాడు.

షిలోహులో సమూయేలు అనే బాలుడు ఉండేవాడు. రాత్రివేళ తన పేరు వినబడగానే లేచి ముసలివాడైన ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పిలిచినది దేవుడని అతనికి తెలియదు. కాని చూపు మందగించిన ఒక వృద్ధుడు పిలిస్తే వెంటనే లేవడం అతనికి అలవాటు. ఆ అలవాటు లేకపోతే ఆ రాత్రి అతడు పడుకొనే ఉండేవాడు. యౌవనస్థులారా, దేవుని స్వరము వినాలని ఉపవాసముండి ప్రార్థిస్తున్నారు, మంచిదే. ఇంట్లో ముసలివారు పిలిస్తే లేస్తున్నారా? దేవుని స్వరానికి లేచే చెవి అక్కడే తయారవుతుంది.

ఈ హెడ్‌ఫోనుకు తీగ లేకుండా ఫోనుతో కలిపే పద్ధతిని బ్లూటూత్ అంటారు కదా. ఆ పేరు 10వ శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్ బ్లూటూత్‌ది. ఆయన నిలబెట్టించిన ఒక పెద్ద రాయి నేటికీ యెల్లింగ్ అనే ఊళ్ళో ఉంది. డేనులను క్రైస్తవులుగా చేసింది తానేనని ఆ రాయి మీద చెక్కించుకున్నాడు. విడివిడిగా ఉన్న ప్రజలను ఒక్కటి చేశాడని ఆయనకు పేరు. అందుకే 1990లలో విడివిడి పరికరాలను కలిపే ఈ పద్ధతికి ఇంజనీర్లు ఆ పేరు పెట్టారు. కలిపినవాని పేరు గల వస్తువు పెట్టుకొని, ఒకే కప్పు కింద నలుగురం నాలుగు లోకాలలో ఉంటే, ఆ పేరు మనలను ప్రశ్నించదా?

రోడ్డు సంగతి కూడా చెప్పాలి. 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో కాపలాలేని రైల్వే గేటు దగ్గర స్కూలు వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవులలో ఇయర్‌ఫోన్లు ఉన్నాయని అప్పట్లో అధికారులు చెప్పారు. బండి మీద వెళ్తూ, లారీలు తిరిగే రోడ్డు దాటుతూ చెవులు కప్పుకోకండి. అడవి అంచున పశువులు మేపే తమ్ముళ్ళారా, పొదలో కదిలే చప్పుడే మీ ప్రాణం కాపాడుతుంది. అక్కడ ఈ వస్తువు వద్దు.

మూడవ సంగతి. ఇతరుల చెవుల కొరకు మనము బాధ్యులము.

మన ప్రాంతములోని ఒక సంఘములో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు చెప్పను. ఒక కుటుంబములో ఏడేళ్ళ బాబు ఉన్నాడు. అతనికి ఆటిజం ఉంది. అటువంటి పిల్లలలో చాలామందికి మనకు మామూలుగా అనిపించే శబ్దం కూడా నొప్పిలాగా తగులుతుంది. ఆ మందిరములో కీబోర్డు, డ్రమ్ములు, నాలుగు మూలలా స్పీకర్లు. పాట మొదలవగానే ఆ పిల్లవాడు చెవులు మూసుకొని నేలమీద పడి ఏడ్చేవాడు. మొండివాడన్నారు కొందరు. దురాత్మ ఉందేమో ప్రార్థన చేయించమన్నారు ఇంకొందరు. ఆ తల్లి కొన్ని నెలల పాటు ప్రతి ఆదివారం బిడ్డను ఒడిలో పెట్టుకొని బయట వేపచెట్టు కింద కూర్చొని ఆరాధన చేసుకొంది. ప్రభువు బల్ల రొట్టె ఆమెకు కిటికీలో నుండి అందించేవారు.

ఆమె తమ్ముడు హైదరాబాదు నుండి వస్తూ ఒక హెడ్‌ఫోను తెచ్చి ఆ బాబుకు పెట్టాడు. అందులో పాటలేవీ పెట్టలేదు, శబ్దం తగ్గించేది మాత్రమే ఆన్ చేశాడు. డ్రమ్ము దెబ్బను అది పూర్తిగా ఆపలేదు గాని, మందపాటి గూడు కదా, తీవ్రత తగ్గించింది. ఆ ఆదివారం బాబు లోపలికి వచ్చాడు. వెనుక వరుసలో గోడకు ఆనుకొని, కాగితం మీద గీతలు గీసుకుంటూ ఆరాధన అయ్యేవరకు కూర్చున్నాడు. తల్లి చాలా నెలల తరువాత సంఘముతో కలిసి బల్లలో పాలుపొందింది.

ఆ సాయంత్రమే కమిటీలో మాట వచ్చింది. సంఘ పెద్ద ఒకాయన అన్నాడు, “దేవుని సన్నిధిలో చెవులు మూసుకొని కూర్చోవడమేమిటి? ఈరోజు ఒకడు తెస్తే రేపు అందరూ తెస్తారు. అసలు మైకు ఇంకా పెంచాలి, వాక్యము ఎవరికీ వినబడటం లేదు.” అందరూ ఆశ్చర్యపోయారు. ఆ మైకు వీధి చివరి వరకు వినబడుతుంది! స్త్రీల సమాజపు అక్క ఒకామె మెల్లగా అడిగింది, “తాతా, నీకు వినబడటం లేదా?” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒప్పుకొన్నాడు. ఆయన ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో పనిచేశాడు. ఆ మోతలో వినికిడి కొంచెం కొంచెంగా పోయింది. రెండేళ్ళుగా వాక్యము సగమే వినబడుతోంది. సంఘ పెద్దనై ఉండి చెవుడు అని ఎలా చెప్పుకోను అని సిగ్గుపడ్డాడు.

చూడండి ప్రియులారా! ఒకే మందిరములో ఒకరికి శబ్దం చాలలేదు, ఇంకొకరికి శబ్దం ఎక్కువైంది. ఇద్దరూ వాక్యానికి దూరమైనవారే. ఇద్దరిలో ఎవరిని బయటికి పంపాలి? కన్ను చేతితో నీవు నాకక్కరలేదు అనకూడదని 1 కొరింథీ 12లో పౌలు బోధించాడు. బలవంతులమైన మనము బలహీనుల బలహీనతలు మోయాలని రోమా 15లో వ్రాశాడు. ఆ సంఘమువారు ఒక స్పీకరును పెద్దల వరుస వైపు తిప్పారు. మిగిలినవి తగ్గించారు. డ్రమ్ముల మీద గుడ్డ పరిచారు. బాబుకు కిటికీ పక్కన స్థలమిచ్చారు, భరించలేనప్పుడు బయటికి వెళ్ళడానికి. పెద్దాయనను ఖమ్మం తీసుకువెళ్ళి పరీక్ష చేయించి వినికిడి మిషను ఇప్పించారు.

అంతా చక్కబడిందని చెప్పను. పెద్దాయనకు ఆ మిషను ఇంకా అలవాటు కాలేదు, సగం ఆదివారాలు తీసి జేబులో వేసుకుంటాడు. బాబు కొన్ని వారాలు రెండో పాటకే బయటికి పరుగెడతాడు. కాని ఇద్దరికీ ఆ ఇంటిలో చోటు ఉంది. మందిరమంటే అదే కదా.

సంఘమా, ఇంకొక అడుగు ముందుకు వెళ్దాం. మన మైకుల సంగతి. చెన్నైలో చర్చ్ ఆఫ్ గాడ్ ఫుల్ గాస్పెల్ ఇన్ ఇండియా అనే సంఘానికీ, పక్కనే ఉన్న కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీవారికీ మధ్య ప్రార్థన శబ్దం మీద వివాదం వచ్చి సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి, మైకులతో, డ్రమ్ములతో ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టు 30న ఆ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అదే సంవత్సరం వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ప్రత్యేక పండుగలకు కొద్ది రోజులు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55 డెసిబెల్‌లు, రాత్రి 45 డెసిబెల్‌లు దాటకూడదు.

వేరేవారి మైకులు మోగడం లేదా అని మీరు అడగవచ్చు. మోగుతున్నాయి. కాని ఆమోసు 5వ అధ్యాయము చదవండి. న్యాయము లేని ఆరాధనలో పాటల ధ్వనిని తన యొద్దనుండి తీసివేయమని దేవుడు సెలవిచ్చాడు. ఇశ్రాయేలు పాట ఆయన చెవికి మోతగా మారింది. పొరుగింట్లో రాత్రంతా నిద్రలేని రోగి ఉన్నాడు, పరీక్షకు చదివే పిల్ల ఉంది. వాళ్ళు మన పాట భరించలేక చెవులు కప్పుకుంటే, సువార్తకు అడ్డం వచ్చినది వారి హెడ్‌ఫోను కాదు, మన మైకు.

మన ప్రాంతపు చరిత్రలో దీనికి మంచి మాదిరి ఉంది. భద్రాచలం పక్కన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో 19వ శతాబ్దములో చర్చ్ మిషనరీ సొసైటీవారి పరిచర్య కోయ ప్రజల మధ్య సాగింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల మాట నేర్చుకున్నాడు. వారి భాష గురించి, వారి అలవాట్ల గురించి వ్రాసి ఉంచాడు. మైకు లేని రోజులవి. ఒక భాష నేర్చుకోవాలంటే ముందు ఎన్నాళ్ళో వినాలి. వినినవాని మాటకే అడవిలో విలువ ఉంటుంది.

ఇప్పుడు మార్కు సువార్తకు తిరిగి వద్దాం. ఎప్ఫతా అనడానికి ముందు ప్రభువు నిట్టూర్చాడని చెప్పుకొన్నాం. ఎందుకు? ఆ చెవిటివాడు ఎన్నేళ్ళు లోపలే మోసిన మూగ మూలుగు ప్రభువుకు వినబడింది. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల మూలుగును దేవుడు విన్నాడని నిర్గమకాండము 2వ అధ్యాయములో ఉంది. విన్న తరువాతే దిగివచ్చాడు. మనం చెప్పుకొన్న ఆ యంత్రం కూడా బయటి మోతను ముందు వినాలి. వినకుండా నిశ్శబ్దం చేయలేదు. విన్న తరువాత దానికి సరిసమానమైన ఎదురు అల ఇవ్వాలి. కొంచెం తక్కువైతే మోత మిగిలిపోతుంది.

ఉపమానము ఉపమానమే, దానిని ఎంతవరకు లాగాలో అంతవరకే లాగాలి. కాని ఈ మాట చెప్పకుండా ఉండలేను. మన పాపపు గోలకు పరలోకము నుండి దేవుడు తలుపు వేసుకోలేదు. కుమారుడు ఆ గోలలోకి వచ్చాడు. సిలువ వేయమన్న కేకలు విన్నాడు, ఎగతాళి విన్నాడు. మన పాపమెంత లోతో అంత లోతుకు ఆయన విధేయత దిగింది. సిలువ మీద ఆయన పెట్టిన కేకకు ఆకాశము నుండి జవాబు వినబడలేదు. మన మొరకు జవాబు రావాలని ఆయన ఆ మౌనాన్ని భరించాడు. మనస్సాక్షిలో రాత్రింబగళ్ళు మోగే నేరారోపణ ఏ హెడ్‌ఫోనుతోనూ తగ్గదు. అది ఆయన దగ్గరే సమసిపోతుంది. ఈ ఉదయం ఆ మోతతో నలిగిపోతున్న సహోదరుడా, సహోదరీ, ఆయన నిన్ను గుంపులో నుండి పక్కకు పిలుస్తున్నాడు.

చివరిగా, ఈ వారము మన ఇళ్ళలో చేయదగిన కొన్ని పనులు చెప్పి ముగిస్తాను.

రాత్రి భోజనము, కుటుంబ ప్రార్థన, ఈ రెండు వేళలా అందరి చెవులూ ఖాళీగా ఉండాలి. టీవీ కూడా ఆపండి, పిల్లలకే నియమం పెట్టడం న్యాయం కాదు.

చదువుకొనే బిడ్డ చెవులు కప్పుకొని ఉంటే దూరం నుండి అరవకండి. దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేయండి. బిడ్డలారా, ఆ చెయ్యి పడగానే వెంటనే తీసి పక్కన పెట్టి, ముఖం చూసి మాట్లాడండి. చాలా హెడ్‌ఫోన్లలో బయటి మాట లోపలికి వినిపించే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇంట్లో పెద్దవారు ఒంటరిగా ఉన్నప్పుడు అది ఆన్ చేసి ఉంచండి.

శబ్దం తక్కువ పెట్టుకోండి. వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్‌లు దాటవద్దని, 90 డెసిబెల్‌లైతే వారానికి 4 గంటలే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 12 నుండి 35 ఏళ్ళ వయసులో ఉన్న వంద కోట్లకు పైగా యౌవనులకు పెద్ద శబ్దం వలన వినికిడి పోయే ముప్పు ఉందని ఆ సంస్థ 2022లో హెచ్చరించింది. బయటి మోత తగ్గించే హెడ్‌ఫోను ఉన్నవారికి లోపల పెంచవలసిన అవసరం లేదు. పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు.

సంఘ పెద్దలారా, వచ్చే ఆదివారం మందిరము బయట చెట్టు కింద ఎవరైనా కూర్చొని ఉన్నారేమో చూడండి. ఎందుకు బయట ఉన్నారో అడగండి. జవాబు వచ్చేవరకు నిలబడండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల పరలోకపు తండ్రీ, మా మూలుగులు వినే దేవా, మీకు స్తోత్రములు. చెడ్డ మాటకు మా చెవులు మూయండి, బీదవాని మొరకు తెరవండి. ఒకే ఇంటిలో ఉండి ఒకరి మాట ఒకరికి వినబడని కుటుంబాలను జ్ఞాపకము చేసుకోండి. నాలుగోసారి పిలవడం మానేసిన తల్లికి ఈరోజు కొడుకు పలుకు వినిపించండి. శబ్దము భరించలేని బిడ్డలను, వినికిడి తగ్గి సిగ్గుతో మౌనముగా ఉన్న పెద్దలను మీ సంఘములో చేర్చుకోండి. దెకపొలిలో ఆ మనిషిని పక్కకు తీసుకువెళ్ళినట్లు మమ్మును కూడా తీసుకువెళ్ళి, తెరుచుకో అని సెలవివ్వండి. మా ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రియ శ్రోతలారా, ప్రభువు చిత్తమైతే వచ్చే వారము ఇదే సమయానికి మళ్ళీ కలుసుకుందాము. అంతవరకు దేవుని సమాధానము మీ ఇళ్ళలో నిలిచియుండును గాక.